రైలు బాట, కాలువ గట్టు, పెన్న ఒడ్డు: సైకిలు ప్రయాణికుల ప్రశ్నలకు జవాబులు

సైకిలు మీద దూర ప్రయాణాల గురించి కిందటి సంచికలో రాసిన తరువాత కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ మంది అడిగిన సంగతులను ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. దారుల దూరాలను సుమారుగా చెప్పాను, బయలుదేరే ముందు మీరు కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

ప్రశ్న: విదేశాల్లో మూతపడిన రైలు మార్గాల పట్టాలు తీసేసి సైకిలు బాటలుగా మార్చారని చదివాను. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో పాత మీటరు గేజి (పట్టాల మధ్య మీటరు ఎడం ఉన్న) దారి ఒకటి వదిలేసి ఉందని మా నాన్నగారు చెబుతుంటారు. దాని మీద సైకిలు తొక్కవచ్చునా? (ఇంజనీరింగు విద్యార్థి, కర్నూలు)

మీ నాన్నగారు చెప్పింది నిజమే. 1880ల్లో నల్లమల మీదుగా వేసిన మీటరు గేజి లైను దొరబావి అనే చోట లోతైన లోయను ఎత్తైన వంతెన మీద దాటేది. గేజి మార్పిడి జరిగినప్పుడు, అంటే లైనును వెడల్పు పట్టాల బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు, ఆ భాగాన్ని వదిలేసి, బొగద దగ్గర సొరంగం తవ్వి కొత్త దారి వేశారు. పాత వంతెనకు దన్నుగా నిలిచిన రాతి స్తంభాలు అడవిలో మిగిలిపోయాయి. అయితే మీ ప్రశ్నకు సూటి జవాబు మాత్రం తొక్కకూడదనే. అది అభయారణ్యం, పులులు తిరిగే చోటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ అడుగు పెట్టకూడదు. పక్కనున్న కొత్త లైను పట్టాల వెంట నడవడం రైల్వే చట్టం ప్రకారం నేరం. వీడియోల కోసం అక్కడికి వెళ్లివచ్చిన కుర్రవాళ్లను చూసి మీరు కూడా వెళ్లవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక రైలు బాటల సంగతికి వస్తాను. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్, స్పార్టా ఊళ్ల మధ్య సుమారు 51 కిలోమీటర్ల పాత రైలు దారిని 1960ల చివర్లో సైకిలు బాటగా మార్చారు. ఆ దారిలో మూడు సొరంగాలున్నాయి, సైకిలు దిగి దీపం పట్టుకుని వాటి గుండా నడిచి వెళతారు. న్యూజిలాండులో 1990లో మూతపడిన ఒటాగో సెంట్రల్ రైలు మార్గం 2000లో 152 కిలోమీటర్ల సైకిలు బాట అయింది, ఒకప్పుడు స్టేషన్ల చుట్టూ బతికిన చిన్న ఊళ్లకు సైకిలు ప్రయాణికుల వల్ల మళ్లీ బేరాలు దొరికాయి.

ఇలాంటి దారులు సైకిలుకు ఇంత హాయిగా ఉండడానికి కారణం ఆవిరి ఇంజను బలహీనత. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ కనుక ఆనాటి ఇంజనీర్లు వీలున్నంత వరకు నూరు అడుగుల దూరానికి ఒక అడుగుకు మించి ఎత్తు రానిచ్చేవారు కాదు. కొండ అడ్డమొస్తే తవ్వారు, పల్లం వస్తే కట్ట పోశారు. మనిషి, సైకిలు, సామాను కలిసి 100 కిలోల బరువు ఉందనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నూటికి ఒకటి వాలులో ఎక్కుతుంటే, ఆ బరువును పైకి లేపడానికే దాదాపు 40 వాట్ల శక్తి కావాలి. వాలు నూటికి ఐదయితే అదే వేగానికి 200 వాట్లు దాటుతుంది. రోజంతా తొక్కే మామూలు మనిషి కాళ్లు నిలకడగా ఇవ్వగలిగేది వంద వాట్ల లోపే. రైలు బాట మీద అరవై ఏళ్ల వాళ్లు కూడా నవ్వుతూ పోగలగడానికి, ఘాట్ రోడ్డు మీద ఇరవై ఏళ్ల వాళ్లు కూడా దిగి తోసుకోవలసి రావడానికి ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

మన దగ్గర ఇలాంటి బాటలు ఎందుకు లేవంటే, మీటరు గేజి లైన్లలో చాలా వరకు మూతపడలేదు. 1992 నుంచి పెద్ద ఎత్తున గేజి మార్పిడి జరిగినప్పుడు ఎక్కువ చోట్ల పాత కట్ట మీదే బ్రాడ్ గేజి పట్టాలు వేశారు, రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. బొగదలో లాగా దారి మారిన చోట్ల మాత్రమే పాత కట్ట మిగిలింది. అలాంటి చోట అటవీ శాఖ తన సిబ్బంది వెంట ఉండగా, పగటి పూట, లెక్క పెట్టిన కొద్ది మందిని తీసుకువెళ్లే ఏర్పాటు ఎప్పటికైనా చేస్తే అందరికంటే ముందు నేనే వరుసలో నిలబడతాను. అంతవరకు గుంటూరు వైపు వెళ్లే రైలును పగటి పూట ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని నల్లమలను చూడండి.

ప్రశ్న: మా ఇల్లు కె.సి. (కర్నూలు–కడప) కాలువకు దగ్గర. సుంకేసుల నుంచి కడప దాకా కాలువ గట్టు మీదే సైకిలు యాత్ర చేయాలని నలుగురం అనుకుంటున్నాం. సాధ్యమేనా? (కోయిలకుంట్ల పాఠకుడు)

ఈ ప్రశ్న చూసి నాకు చాలా సంతోషం కలిగింది. మన సీమలో రైలు బాటకు సమానమైనది ఏదైనా ఉందంటే అది కాలువ గట్టే. రైలు ఇంజనుకు వాలు ఎంత గిట్టదో కాలువకు కూడా అంతే గిట్టదు, నీళ్లు మెల్లగా సాగిపోవాలంటే నేల దాదాపు సమతలంగా ఉండాలి. పైగా కర్నూలు–కడప కాలువను సేద్యానికి మాత్రమే కాకుండా పడవలు నడపడానికి కూడా తవ్వారు. 1863లో పని మొదలై 1870 ప్రాంతానికి పూర్తయింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర బయలుదేరి, కర్నూలులో హంద్రీని వంతెన కాలువ మీద దాటి, కుందూ లోయ వెంట దిగి పెన్న దాటి కడపకు చేరే ఈ కాలువ పొడవు 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పడవల రాకపోకలు అనుకున్నంత సాగలేదు, తవ్వించిన కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది.

అమెరికాలో చెసపీక్–ఒహాయో కాలువ అని సరిగ్గా ఇలాంటిదే ఒకటి ఉంది. దాని పొడవు 297 కిలోమీటర్లు. పడవలను కంచర గాడిదలు లాగిన గట్టు ఇప్పుడు మొదటి నుంచి చివర దాకా సైకిలు బాట. 1950ల్లో ఆ కాలువ వెంట మోటారు రోడ్డు వేయాలని ప్రతిపాదన వచ్చినప్పుడు, సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954లో పత్రికల వాళ్లను పిలిచి గట్టు పొడవునా నడిచి చూపించారు. రోడ్డు ఆలోచన ఆగిపోయింది, 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానం అయింది. మన కాలువ దానికంటే ఏ విధంగానూ తక్కువది కాదు. తేడా ఏమిటంటే, అక్కడ గట్టును చూసుకునే వాళ్లున్నారు.

ఇప్పటి పరిస్థితిలో మొత్తం దూరం గట్టు మీదే పోవడం సాధ్యం కాదు. కాలువ ఒక్క గీతలాగా సాగదు, కొన్ని చోట్ల నీళ్లు కాలువను వదిలి వాగుల్లోకి, కుందూలోకి దిగి, మళ్లీ ఆనకట్ట దగ్గర కాలువలోకి ఎక్కుతాయి. కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్న మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట అలాంటివే. మధ్యలో గట్టు కొన్ని మైళ్లు చక్కటి మట్టి రోడ్డు, కొన్ని మైళ్లు సర్కారు కంప మూసేసిన కాలిబాట, కొన్ని చోట్ల కాలువకు కాంక్రీటు పూత వేసే లైనింగు పనుల కంకర. అందువల్ల రోజుకు కొంత గట్టు మీద, కొంత పక్క ఊళ్ల తారు రోడ్డు మీద పోయేలా పథకం వేసుకోండి. గట్టు మీద ఎదురుపడే లస్కరును, అంటే కాలువను చూసుకునే పనివాణ్ణి, పలకరించి ముందు దారి అడగడం ఏ పటం చూడడం కంటే మేలు, ఎక్కడ గండి పూడ్చారో, ఎక్కడ కంప కొట్టారో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

ఒక్క సంగతి మాత్రం మరవవద్దు. కుందూ లోయ అంతా నల్లరేగడి. ఒక కార్తీక మాసంలో మీ ఊరికి ఎగువనే నేను రాత్రి వాన కురిసిన గట్టు మీదికి తెలియకుండా దిగాను. పది గజాలు పోయేసరికి టైరుకు అంటుకున్న మట్టి మడ్‌గార్డు కింద నిండిపోయింది, ఇరవై గజాలకు వెనక చక్రం తిరగడం మానేసింది. చక్రం చుట్టూ గడ్డి, రేగడి కలిసి మెత్తిన గోడలాగా గట్టిపడి ఉంది, వేళ్లతో లాగితే రాలేదు. శనగ చేను దగ్గర ఉన్న పెద్దాయన ఒకరు వచ్చి, కందిపుల్ల విరిచి ఇచ్చి, "రేగట్లో వాన పడితే ఎద్దులే దిగవు సామీ, నువ్వు సైకిలేసుకోని దిగినావే" అన్నారు. ఇద్దరం కలిసి గీకుకోవడానికి ముప్పావు గంట పట్టింది, ఆ తరువాత తారు రోడ్డు దాకా సైకిలును భుజం మీద మోశాను. కనుక వాన పడితే రెండు రోజులు గట్టు జోలికి పోకండి. టైరుకు, మడ్‌గార్డుకు మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉండేలా చూసుకోండి, లేదా మడ్‌గార్డులు ఇంట్లో వదిలేయండి.

పుష్య మాసం మీకు అన్ని విధాలా తగిన కాలం. నేల ఆరి గట్టిపడుతుంది, ఎండ తగ్గుతుంది, రెండు వైపులా శనగ చేలు పచ్చగా ఉంటాయి. నలుగురూ కాలువలో ఈత కొట్టాలనుకుంటారేమో, అది మాత్రం వద్దు. లైనింగు చేసిన కాలువలో దిగిన మనిషికి ఎక్కడానికి పట్టు దొరకదు.

ప్రశ్న: నేను అనంతపురం నుంచి తూర్పు వైపు సైకిలు మీద హాయిగా వెళతాను, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ప్రాణం పోయినంత పని అవుతుంది. జూన్, జూలైలలో మరీ కష్టం. లోపం నా సైకిలులో ఉందా? (బ్యాంకు ఉద్యోగి, అనంతపురం)

లోపం సైకిలులో లేదు, ఆషాఢ మాసపు గాలిలో ఉంది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల అవతల వానంతా కుమ్మరించి, ఈవలికి ఎండు గాలిగా దూసుకువస్తుంది. అందుకే మీ జిల్లాకు వాన తక్కువ, గాలి ఎక్కువ. రామగిరి గుట్టల మీద గాలిమరలు పెట్టింది కూడా ఆ గాలిని చూసే. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా ఎదురుగాలి 20 కిలోమీటర్ల వేగంతో వీస్తే, మీ ఒంటికి తగిలే గాలి వేగం 35 అవుతుంది. గాలి ఒత్తిడి వేగంతో పాటు కాక, వేగం వర్గంతో పెరుగుతుంది కనుక గాలి లేని రోజుతో పోలిస్తే మీరు అయిదు రెట్లకు మించిన అడ్డును తోసుకుంటున్నారన్నమాట.

జ్యేష్ఠం నుంచి శ్రావణం దాకా పడమర నుంచి తూర్పుకు వెళ్లి, తిరుగు ప్రయాణం రైల్లో చేయండి. గుత్తి నుంచి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడపకు వెళ్లే లైను ఇందుకు చక్కగా సరిపోతుంది. సైకిలును మీ టికెట్టు మీద లగేజీగా బుక్ చేస్తే మీరు ఎక్కిన రైల్లోనే బ్రేకు వ్యానులో వస్తుంది. అన్ని రైళ్లకూ ఆ సౌకర్యం ఉండదు, చిన్న స్టేషన్లలో రైలు ఆగే సమయం కూడా చాలదు, కాబట్టి ముందు రోజే పార్సిల్ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. తిరిగి రావడం కూడా సైకిలు మీదే కావాలంటే తెల్లవారక ముందే బయలుదేరండి, పొద్దెక్కే కొద్దీ గాలి పెరుగుతుంది.

ప్రశ్న: కొత్తగా గేర్ల సైకిలు కొన్నాను. పొలాల వెంట పోతే రోజుకు రెండుసార్లు పంచరు అవుతోంది. ఖరీదైన టైరు వేయించాలా? (ప్రొద్దుటూరు పాఠకుడు)

ముందు మీ టైరు విప్పి, లోపలి వైపు వేలి కొసతో చుట్టూ నెమ్మదిగా తడిమి చూడండి. ఎక్కడో ఒకచోట గోరు తగులుకున్నట్టు అనిపిస్తుంది. అది పల్లేరుకాయ ముల్లు. ట్యూబుకు అంటు వేసి, ముల్లును టైరులోనే వదిలేయడం వల్లే అదే రోజు రెండోసారి గాలి పోతోంది. పల్లేరు తీగ నేలను అంటుకుని పసుపు పూలతో అందంగా కనిపిస్తుంది, కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. తుమ్మ ముల్లు, కంప ముల్లు గుచ్చుకుంటే విరిగి లోపలే ఉండిపోతాయి, వాటిని గోళ్లు తీసే చిన్న పట్టకారుతో లాగాలి. ఈ పని చేసి చూసిన తరువాతే కొత్త టైరు గురించి ఆలోచించండి. బాట పక్కకు సైకిలును దింపి నిలబెట్టే అలవాటు మానండి, పల్లేర్లు ఉండేది అక్కడే.

మీ సైకిలుకు సన్నటి ఫ్రెంచి వాల్వు ఉంటే పల్లెలోని పంచరు షాపు పంపు దానికి పట్టదు. ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాన్ని వాల్వుకే బిగించి ఉంచుకోండి. మీ కొలత ట్యూబులు పెద్ద ఊళ్లలో తప్ప దొరకవు కాబట్టి రెండు వెంట ఉండాలి.

ప్రశ్న: మేము ఇద్దరం ఉపాధ్యాయినులం. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు సైకిళ్ల మీద అడవి అంచున తిరిగి రావాలని ఉంది. ఇంట్లో వాళ్లకు భయం. ఎక్కడికి వెళ్లమంటారు, రాత్రి ఎక్కడ ఉండమంటారు? (ఆదోని పాఠకురాలు)

అమ్మా, నంద్యాల దాకా రైల్లో లేదా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. నల్లమల పాదాల దగ్గర ఓంకారం, మహానంది, అహోబిలం వరుసగా ఉన్నాయి. ఈ దారికి రెండు గుణాలున్నాయి. కొండ పక్కనే కనిపిస్తూ ఉంటుంది, అయినా ఎక్కవలసిన అవసరం రాదు. క్షేత్రాలన్నింటిలో కుటుంబాలతో వచ్చే యాత్రికుల కోసం సత్రాలున్నాయి, ఆడవాళ్లు గది అడిగితే ఎవరూ వింతగా చూడరు. సత్రం గుమస్తాకు ముందుగా ఫోను చేసి, సైకిళ్లు లోపల పెట్టుకోనిస్తారా అని ఒక్కమాట అడగండి. పండుగ రోజుల్లో గదులు నిండిపోతాయి కనుక కనుమ దాటిన తరువాత వెళ్లడం మంచిది.

మొదటి రోజు మహానందితో ఆపేయండి. మొదటి రోజు ఎక్కువ దూరం పెట్టుకుని రెండో రోజు మంచం దిగలేకపోయిన వాళ్లను చాలామందిని చూశాను. అక్కడి కోనేరులో నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడిన నాణెం బొమ్మా బొరుసూ గుర్తుపట్టవచ్చు. రెండో రోజు ఆళ్లగడ్డ మీదుగా దిగువ అహోబిలం చేరండి, ఇది పెద్ద రోజు, పొద్దున్నే బయలుదేరాలి. ఎగువ అహోబిలానికి మాత్రం సైకిళ్లు కింద ఉంచి బస్సులో వెళ్లండి, అది దట్టమైన అడవి, దారి ఏటవాలు. మూడో రోజు తిరుగు ప్రయాణం. ఏ రోజైనా సాయంత్రం నాలుగున్నరకల్లా బస చేరే లెక్కన బయలుదేరండి. పొద్దున ఉగ్గాని బజ్జీ తింటే పదకొండు దాకా ఆకలి వేయదు, జేబులో వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క ఉంచుకోండి. మీరు ఏ ఊరు దాటారో ఇంటికి రోజుకు మూడుసార్లు చెబుతుంటే వాళ్ల భయం రెండో రోజుకే తగ్గిపోతుంది.

ప్రశ్న: బద్వేలు దారిలో లంకమల అడవి పక్కన వెన్నెల రాత్రి మిత్రులతో సైకిలు తొక్కాలని ఉంది. పెద్ద లైట్లు కొన్నాం. సలహా ఇవ్వండి. (బద్వేలు పాఠకుడు)

ఆ ఆలోచన మానుకోండి. ప్రపంచంలో అతి అరుదైన పక్షుల్లో ఒకటైన కలివికోడి ఆ చిట్టడవిలోనే బతికింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు నమ్మిన పక్షి 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె పరిసరాల్లో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చవలసి వచ్చింది. అది పగలు పొదల నీడలో దాగి, రాత్రి పూట మేతకు తిరుగుతుంది. పొదల మీద పడే పెద్ద లైట్లు దానికి కీడు. కోట్ల రూపాయల కాలువే పక్కకు తొలగిన చోట నాలుగు సైకిళ్లు తొలగలేవా? నల్లమలలో ఆత్మకూరు, దోర్నాల మధ్య రోడ్డును రాత్రి పూట వాహనాలకు మూసేసేది కూడా ఇలాంటి ప్రాణుల కోసమే. పగటి పూట, తారు రోడ్డు మీద, పాటలు పెట్టకుండా వెళ్లండి, ఆ అడవి అందం పగలు కూడా తక్కువేమీ కాదు.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. పదవీ విరమణ చేశాను. రోజూ పాతిక కిలోమీటర్లు తొక్కే అలవాటుంది. పెన్న నది వెంట మన ప్రాంతంలో నాలుగైదు రోజుల యాత్ర చేయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి? (కడప పాఠకుడు)

మీరు తాడిపత్రిలో మొదలుపెట్టండి, ఇంటి దగ్గర ముగించండి. నంది కొండల్లో పుట్టిన పెన్న సముద్రం చేరేలోగా దాదాపు 600 కిలోమీటర్లు ప్రవహిస్తుంది, అందులో తాడిపత్రి నుంచి సిద్ధవటం దాకా ఉన్న భాగం సైకిలు మీద వెళ్లి చూడదగ్గది. నది పడమర నుంచి తూర్పుకు పారుతుంది కనుక మొత్తం మీద నేల మీకు అనుకూలంగా దిగుతూ ఉంటుంది.

రైల్లో తాడిపత్రి చేరి, ఆ సాయంత్రం నది ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడి చూడండి. అసంపూర్తిగా మిగిలిన గోపురాల మీద చెక్కడం కొయ్య మీద చేసినంత నున్నగా ఉంటుంది, పొద్దు వాలే వేళ చూస్తే ప్రతి గీతకూ నీడ పడుతుంది. మర్నాడు కొండాపురం, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరాలి. నాలుగు రోజుల్లోకీ ఇదే కష్టమైన రోజు. దూరం ఒక కారణం, సిమెంటు, బండల లారీలు రెండో కారణం. వెనక నుంచి వచ్చే వాటిని చూసేందుకు హ్యాండిలుకు అద్దం పెట్టించుకోండి, ఎర్ర దీపం పగలు కూడా వెలిగించండి, తొమ్మిది లోపు సగం దూరం దాటేయండి. ఈ దారిలోనే గండికోట జలాశయపు వెనుక నీళ్లు కనిపిస్తాయి. తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ఆ నీటి కింద ఉన్నాయి. అక్కడ ఆగినప్పుడు ఇల్లు వాకిలి వదిలి వచ్చిన వాళ్లు ఎవరైనా టీ కొట్టు దగ్గర మాట కలిపితే తొందరపడకుండా వినండి.

రెండో రోజు చీకటితోనే లేచి గండికోటకు వెళ్లండి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది, చివర్లో ఎర్రమల కొండ మీదికి ఎక్కాలి. మీ సైకిలుకు ముందు 28 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడు బండి రెండు మీటర్ల లోపే కదులుతుంది, అంటే మెట్లు ఎక్కినట్టు నెమ్మదిగా ఎక్కవచ్చు. మామూలు సైకిలు అదే చుట్టుకు అయిదు మీటర్లకు పైగా లాగుతుంది, దాంతో ఎక్కడం మీ వయసులో మోకాళ్లకు మంచిది కాదు, దిగి తోయడంలో చిన్నతనం ఏమీ లేదు. కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం పక్కపక్కనే ఉంటాయి. వాటిని దాటి బండల మీదుగా కొంచెం నడిస్తే నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. కింద దాదాపు 300 అడుగుల లోతున, కుప్పగా పేర్చిన ఎర్ర బండల మధ్య పెన్న ఆకుపచ్చగా నిలబడి ఉంటుంది. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్నాడు, ఆయన ఎక్కి వచ్చిన కొండ ఇదేనని తలచుకుంటే మన కాళ్ల నొప్పి కొంత తగ్గుతుంది. అంచున గట్టి కంచె లేదు, ఫోటో కోసం వెనక్కి అడుగు వేయవద్దు. ఎండ ముదరక ముందే దిగి, మైలవరం జలాశయం చూసుకుని, ప్రొద్దుటూరులో బస చేయండి.

మూడో రోజు ప్రొద్దుటూరు నుంచి పుష్పగిరి. హైవే పట్టుకోకుండా ఊళ్ల మీదుగా వెళితే ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట కూడా చూడవచ్చు, పైన కోయిలకుంట్ల పాఠకుడు అడిగిన కాలువ నీళ్లు పెన్న దాటి కడప వైపు తిరిగేది అక్కడే. పుష్పగిరిలో నదికి ఒక ఒడ్డున ఊరు, అవతలి ఒడ్డున కొండ మీద చెన్నకేశవుని గుడి. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు జనం ఇసుకలో దాటుతారు. మీరు మాత్రం ఒడ్డున ఉన్న వాళ్లను అడగకుండా దిగవద్దు. ఆ సాయంత్రం ఇంటికే చేరుకుంటారు. మీ మంచం మీద మీరు పడుకోవడం కూడా యాత్రలో భాగమే అనుకోండి.

నాలుగో రోజు సామాను లేకుండా తేలికగా బయలుదేరి, తిరుపతి రోడ్డు మీద భాకరాపేట దాకా వెళ్లి, ఎడమకు తిరిగి సిద్ధవటం కోట చూడండి. కోట గోడ కిందే పెన్న వెడల్పుగా ఇసుక మేటలతో ఉంటుంది. అక్కడి నుంచి ఒంటిమిట్ట కోదండరాముని గుడికి వెళ్లి, మధ్యాహ్నం రంగమంటపం నీడలో కూర్చుని, పొద్దు వాలాక కడపకు తిరిగి రావచ్చు.

మాసం సంగతి చెప్పి ముగిస్తాను. చాలామంది కార్తీకంలో వెళ్లాలనుకుంటారు, నేను మాత్రం మార్గశిరం రెండో పక్షం నుంచి మాఘం దాకా అని చెబుతాను. మన జిల్లాలో తుపాను వానలు కార్తీకంలోనే వస్తాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, ఆ రోజుల్లోనే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. ఆ వరద వచ్చే దాకా ఆ నదులను వట్టి ఇసుక అనుకున్న వాళ్లమే మనమంతా. చప్టా మీద నీళ్లు పారుతుంటే అవి చీలమండ లోతే అయినా సైకిలు దించకండి, ఈవలే ఆగి, నీళ్లు తీసే దాకా కూర్చోండి. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగాలి, రెండు లీటర్లు ఎప్పుడూ సైకిలు మీద ఉండాలి. రక్తపోటు మందులు వాడుతున్నట్లయితే బయలుదేరే ముందు మీ డాక్టరును కలిసి, రోజంతా ఎండలో శ్రమ పడతానని విడమరచి చెప్పి, మోతాదు గురించి అడగండి. తిరిగి వచ్చాక పుష్పగిరి దారిలో మట్టి రోడ్డు ఎలా ఉందో నాకు ఒక ఉత్తరం రాయండి. వచ్చే మాఘంలో నేను కూడా ఆ వైపు వెళ్లాలనుకుంటున్నాను.